న్యాందోమ స్టేషన్ నుంచి కార్గోపోల్‌కు అర్ధరాత్రి వేళ వెళ్లడమెలా?

రష్యా ఉత్తర ప్రాంతంలో, ఒనేగా నది ఒడ్డున ఉన్న కార్గోపోల్ అనే చిన్న పట్టణానికి వచ్చే ఫిబ్రవరిలో మాస్కో మీదుగా వెళ్లదలిచాను. 1562 నాటి తెల్లరాతి కేథడ్రల్‌నూ, పేరుపొందిన అక్కడి మట్టిబొమ్మల తయారీనీ తీరిగ్గా చూడాలని ఎంతో కోరికగా ఉంది. ఆ పట్టణానికి రైలు లేదు. మాస్కో–అర్ఖంగెల్స్క్ మార్గంలోని న్యాందోమలో దిగి, సుమారు 80 కిలోమీటర్లు రోడ్డు మీద వెళ్లాలి. నాకు కుదిరే రైలు అర్ధరాత్రి దాటాక చేరుతుంది. ఆ నెలలో చలి మైనస్ 20 డిగ్రీలకు పడిపోవడం అక్కడ మామూలే కనుక, దిగాక వాహనం వెతుక్కోవడం నాకు క్షేమంగా తోచడం లేదు.

టాక్సీ ముందుగా మాట్లాడుకోవడానికి ప్రయత్నిస్తే, రష్యా ఫోన్ నంబరుకు వచ్చే కోడ్ లేనిదే యాప్ ముందుకు సాగలేదు. విదేశాల్లో జారీ అయిన వీసా, మాస్టర్‌కార్డులు 2022 మార్చి నుంచి రష్యాలో చెల్లవు కాబట్టి, ఇక్కడి కార్డుతో ముందస్తు చెల్లింపు కూడా సాధ్యపడలేదు. బస చేయదలచిన ఇంటివారికి రష్యన్ భాషలోనే ఈమెయిల్ రాశాను, కానీ జవాబు రాలేదు. రూబుళ్లు నగదుగా దగ్గర ఉంచుకుంటాను గనుక, డ్రైవరుకు చేతికే ఇవ్వగలను.

చలికాలంలో రాత్రిపూట న్యాందోమలో దిగి కార్గోపోల్ చేరినవారు ఎవరైనా ఉంటే, రష్యా ఫోన్ నంబరు లేకుండా వాహనాన్ని ముందుగా ఎలా ఏర్పాటు చేసుకున్నారో దయచేసి చెప్పగలరా?