112 పౌండ్ల నుంచి 154 దాకా: పాకియావ్ ఎనిమిది విభాగాల లెక్క ఎలా తేలుతుంది?

నాలుగో_తాడు అడిగారు:

ఫిలిప్పీన్స్ బాక్సర్ మ్యానీ పాకియావ్ ఫైట్లన్నీ మొదటి నుంచి వరసగా చూసుకుంటూ వస్తున్నాను. మూడు చోట్ల ఆగిపోయాను.

ఒకటి, ఎనిమిది బరువు విభాగాల్లో ఛాంపియన్ అంటారు. కానీ డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ ఈ నాలుగు పెద్ద బాక్సింగ్ సంస్థల బెల్టులే లెక్కపెడితే నాకు ఆరు విభాగాలే వస్తున్నాయి. మిగతా రెండు ఏ లెక్కన?

రెండు, 1995లో 106 పౌండ్లతో ప్రొఫెషనల్‌గా మొదలైన మనిషి 2010లో 154 పౌండ్ల టైటిల్ గెలిచాడు. అంటే 48 కిలోల నుంచి దాదాపు 70 కిలోల విభాగానికి. అంత బరువు పెరిగినా వేగం ఎందుకు పడిపోలేదు?

మూడు, 2004లో మెక్సికో బాక్సర్ హువాన్ మాన్యుయెల్ మార్కెజ్‌ను మొదటి రౌండులోనే మూడుసార్లు కింద పడేశాడు. అయినా ఆ ఫైట్ డ్రా ఎలా అయింది?

రికార్డు పట్టిక నా దగ్గర ఉంది. దాని వెనక కారణాలు తెలిసినవాళ్ళు చెబితే మేలు.

---

కాటా_ముల్లు జవాబు:

బెల్టుల లెక్కలో మీరు పొరబడలేదండి. నాలుగు పెద్ద సంస్థల టైటిళ్ళు ఆరు విభాగాల్లోనే. 112 పౌండ్లలో 1998 డిసెంబరున థాయిలాండ్‌లో చాచాయ్ ససకుల్ మీద డబ్ల్యూబీసీ. 122లో 2001 జూన్‌న లాస్ వేగాస్‌లో లెహ్లో లెడ్వాబా మీద ఐబీఎఫ్. 2008 మార్చిలో మార్కెజ్ మీద 130, అదే ఏడాది జూన్‌లో డేవిడ్ డియాజ్ మీద 135, ఈ రెండూ డబ్ల్యూబీసీ. 2009 నవంబరులో మిగెల్ కాటో మీద 147లో డబ్ల్యూబీఓ. 2010 నవంబరులో ఆంటోనియో మార్గరిటో మీద 154లో, అప్పటికి ఖాళీగా ఉన్న డబ్ల్యూబీసీ.

మిగిలినవి 126, 140. 2003 నవంబరులో సాన్ ఆంటోనియోలో మార్కో ఆంటోనియో బరేరాను 11వ రౌండులో ఆపించాడు. అప్పుడు బరేరా దగ్గర పెద్ద సంస్థల బెల్టు ఏదీ లేదు, కానీ ది రింగ్ పత్రిక గుర్తించిన 126 పౌండ్ల ఛాంపియన్ అతనే. 2009 మేలో రికీ హాటన్‌ను రెండో రౌండులో పడగొట్టినప్పుడు 140లో ది రింగ్ గుర్తింపుతో పాటు ఐబీఓ అనే చిన్న సంస్థ బెల్టు కూడా వచ్చింది. ఈ రెండు చోట్లా గెలిచింది ఆ విభాగంలో అసలు ఛాంపియన్‌గా అందరూ ఒప్పుకున్నవాడి మీద. నా ఉద్దేశంలో డియాజ్ మీద గెలిచిన బెల్టు కంటే బరేరా మీద గెలుపు చాలా బరువైనది. కాబట్టి ఎనిమిది అనడం న్యాయమే. 115, 118 పౌండ్ల విభాగాల్ని తాకకుండా దాటేశాడని కూడా గుర్తుంచుకోండి.

ఇక బరువు. మీ ప్రశ్నను తిప్పి చూడాలి. పైకి వెళ్ళినా వేగం ఎలా నిలిచింది అని కాదు, కింద ఉన్నప్పుడు ఎంత నష్టపోయాడు అని అడగాలి. 2025 జులై వరకు అతని ఓటములు ఎనిమిది. నాకౌట్‌తో ఓడినవి మూడే. వాటిలో మొదటి రెండూ అతను కాటా మీద తప్పిన, అంటే తూకంలో పరిమితి దాటిన ఫైట్లే. 1996 ఫిబ్రవరిలో రుస్టికో టోరెకాంపో చేతిలో మూడో రౌండులో పడ్డాడు. బరువు దాటినందుకు ఆ రోజు అతనికి ఎనిమిది ఔన్సుల గ్లవ్స్ ఇచ్చారు, ఎదుటివాడికి ఆరే. 1999 సెప్టెంబరులో మెడ్గోయెన్ సింగ్సురాత్‌తో ఫైట్‌కు 113 తూగాడు. ఒక్క పౌండు ఎక్కువ. టైటిల్ కాటా మీదే పోయింది. మూడో రౌండులో పొట్ట మీద పడిన దెబ్బకు లేవలేకపోయాడు.

పొట్ట మీద దెబ్బకు పడటం కాకతాళీయం కాదు. చివరి రోజుల్లో బరువు దించేటప్పుడు పోయేది కొవ్వు కాదు. ముందు పోయేది గ్లైకోజెన్, అంటే కండరాల్లో నిల్వ ఉండే పిండిపదార్థం. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో దాదాపు మూడు గ్రాముల నీరు కట్టుకుని ఉంటుంది, అది కూడా పోతుంది. ఆ తర్వాత చెమట రూపంలో నీరూ ఉప్పూ. రక్తం పరిమాణం తగ్గుతుంది, అదే పనికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి, కాళ్ళు ముందుగా బరువెక్కుతాయి. ఒక రోజులో నీళ్ళు తాగి బరువు తిరిగి తెచ్చుకోవచ్చు కానీ గ్లైకోజెన్ పూర్తిగా నిండదు. ఎదిగే వయసులో ఉన్న ఇరవై ఏళ్ళ కుర్రాడిని 112లో ఉంచడమంటే ప్రతి ఫైట్‌కూ ఈ నష్టం కట్టడమే. సింగ్సురాత్ ఫైట్ తర్వాత అతను ఒకేసారి 122కు వెళ్ళిపోయాడు. బాగుపడిన మలుపు అదే.

147కు వచ్చేసరికి పరిస్థితి పూర్తిగా తిరగబడింది. తూకం రోజు పొద్దున కూడా ఫలహారం చేసి కాటా ఎక్కేవాడు. 2008 డిసెంబరులో ఆస్కార్ డి లా హోయాతో ఫైట్ చూడండి. డి లా హోయా 2001 తర్వాత 147కు దిగలేదు. తూకంలో 145 వచ్చాడు, అంటే పరిమితి కంటే రెండు పౌండ్లు ఎక్కువే దించేశాడు. పాకియావ్ 142. మర్నాడు రింగులో బలంగా కనిపించింది చిన్నవాడే. ఎనిమిది రౌండ్ల తర్వాత డి లా హోయా స్టూలు మీంచి లేవలేదు.

---

పది_పాయింట్లు జవాబు:

2004 మే 8 నాటి డ్రా గురించి. పొరపాటు ఒకే జడ్జిది, ఒకే పాయింటుది.

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి మామూలుగా 9. ఒకసారి పడితే 8, రెండుసార్లు పడితే 7, మూడుసార్లు పడితే 6. మార్కెజ్ మొదటి రౌండులో మూడుసార్లు పడ్డాడు కాబట్టి 10-6 రాయాలి. ఇద్దరు జడ్జీలు అలాగే రాశారు. బర్ట్ క్లెమెంట్స్ మాత్రం 10-7 రాశాడు. తర్వాత తనే తప్పు ఒప్పుకున్నాడు, 7 కంటే కిందికి వెళ్ళకూడదేమో అనుకున్నానని.

చివరికి ఒక జడ్జి కార్డు (పాయింట్ల పట్టిక) 115-110 మార్కెజ్‌కు, ఒకటి 115-110 పాకియావ్‌కు, క్లెమెంట్స్‌ది 113-113. ఆ ఒక్క పాయింటు సరిగ్గా పడి ఉంటే అతని కార్డు 113-112 అయ్యేది, పాకియావ్ స్ప్లిట్ డెసిషన్ మీద, అంటే ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి తీర్పుతో గెలిచేవాడు.

కానీ ఆ పొరపాటుకు మించి చూడాల్సింది ఒకటుంది. మొదటి రౌండులోనే నాలుగు పాయింట్లు వెనకబడిన మనిషి మిగతా 11 రౌండ్లలో దాదాపు అన్నీ తిరిగి తెచ్చుకున్నాడు. జడ్జి తప్పు చేయకపోయినా తేడా ఒక పాయింటే ఉండేది. 2008 మార్చిలో రెండోసారి తలపడినప్పుడు కూడా స్ప్లిట్ డెసిషనే. ఒక జడ్జి కార్డులో తేడా 114-113. మూడో రౌండులో మార్కెజ్ పడకపోయి ఉంటే 130 పౌండ్ల టైటిల్ చేతులు మారేది కాదు.

---

చేతికట్టు జవాబు:

వేగం గురించి ఇంకో కోణం. జనం చేతులు చూస్తారు, అసలు పని పాదాలది.

పాకియావ్ సౌత్‌పా, కుడికాలు ముందుంటుంది. ఆర్థడాక్స్ బాక్సర్‌కు ఎడమకాలు ముందు. ఇద్దరి ముందుపాదాలూ ఎదురెదురు పడతాయి. ఎవరి పాదం అవతలివాడి పాదానికి బయటివైపు పడితే వాళ్ళ వెనకచేతికి దారి తెరుచుకుంటుంది. పాకియావ్ కుడిపాదం బయట పెట్టి, కుడి జాబ్‌తో (ముందుచేత్తో తిన్నగా వేసే చిన్న దెబ్బతో) కళ్ళకు అడ్డం కట్టి, వెనక నుంచి ఎడమ స్ట్రెయిట్ వేస్తాడు. అక్కడితో ఆగకుండా కుడివైపుకే జరిగిపోతాడు. ఎదుటివాడు తిరిగి కొట్టాలంటే ముందు తన కాళ్ళు సర్దుకోవాలి. ఆ సర్దుకునే లోపు రెండో విడత దెబ్బలు వచ్చేస్తాయి. వేగంగా కనిపించేది సగం ఇదే. బరువు పెరిగినా కోణం పోదు.

మొదట్లో అతనికి ఉన్నది ఎడమచెయ్యి ఒక్కటే. 2001లో హాలీవుడ్‌లోని వైల్డ్ కార్డ్ జిమ్‌లో శిక్షకుడు ఫ్రెడ్డీ రోచ్ దగ్గర చేరాడు. లెడ్వాబాతో ఫైట్ రెండు వారాల ముందు దొరికింది, కాబట్టి ఆ రోజు కనిపించేది పాత పాకియావే. కుడిచెయ్యి ఆయుధంగా మారడానికి ఏళ్ళు పట్టింది. 2005 మార్చిలో ఎరిక్ మొరాలెస్ చేతిలో మూడు కార్డుల్లోనూ 115-113తో ఓడటానికి ఒక కారణం ఆ ఎడమచెయ్యి ఎప్పుడొస్తుందో మొరాలెస్‌కు తెలిసిపోవడం. 2009 నాటికి చూడండి. హాటన్‌ను మొదటిసారి పడేసింది కుడి హుక్, అంటే పక్క నుంచి వంపుగా వేసే దెబ్బ. కాటోను మూడో రౌండులో పడేసిందీ కుడి హుక్కే, నాలుగో రౌండులో ఎడమ అప్పర్‌కట్ (కింద నుంచి పైకి వేసే దెబ్బ). రెండు చేతులకూ భయపడాల్సి వచ్చేసరికి ఎదుటివాడి గార్డ్ ఏదో ఒక వైపు తెరుచుకోక తప్పదు.

లోపం కూడా ఇక్కడే ఉంది. ముందుకు దూకేటప్పుడు తల ముందుపాదం మీదికి వచ్చి నడిగీత మీదే ఉండిపోతుంది. కుడివైపు జరగడం అర క్షణం ఆలస్యమైతే ఆర్థడాక్స్ బాక్సర్ కుడిచేతికి తిన్నగా దొరుకుతాడు. మార్కెజ్ నాలుగు ఫైట్లలోనూ వేచింది ఆ అర క్షణం కోసమే. వెనక్కి అరడుగు వేసి రప్పించుకుని, కుడి వదలడం. 2012 డిసెంబరులో ఆరో రౌండు ముగియడానికి ఒక్క సెకను ఉండగా దొరికింది, పాకియావ్ నాకౌట్ అయ్యాడు. అప్పటికి ముగ్గురు జడ్జీల కార్డుల్లోనూ పాకియావే 47-46తో ముందున్నాడు.

---

పాత_బెల్టు జవాబు:

కాటా_ముల్లు గారి లెక్కతో ఒక చోట ఒప్పుకోను. బరేరా, హాటన్‌ల గెలుపులు నిలుస్తాయి, సరే. కానీ 154 సంగతి వేరు. మార్గరిటోతో ఒప్పందం 150 పౌండ్ల క్యాచ్‌వెయిట్ మీద, అంటే విభాగం పరిమితి కాకుండా ఇద్దరూ ఒప్పుకున్న బరువు మీద. టైటిల్ ఖాళీగా ఉంది, అంటే అప్పటి ఛాంపియన్‌ను ఓడించలేదు. పాకియావ్ తూకం 144.6, అంటే 147 పరిమితికి కూడా లోపలే. కాటోతో కూడా 147 టైటిల్‌కు 145 క్యాచ్‌వెయిట్ పెట్టారు. ఛాంపియన్‌ను తన విభాగం పరిమితి కంటే కిందికి దింపి అదే విభాగం బెల్టు పందెం కాయడం నాకు నచ్చని పద్ధతి. రెండు పౌండ్లే కదా అనిపిస్తుంది. కానీ అప్పటికే ఎండిపోయిన ఒంట్లోంచి తీసే ఆఖరి రెండు పౌండ్లే అన్నిటికంటే ఖరీదైనవి, అది పైన రాసిందాన్ని బట్టే తెలుస్తోంది.

---

కాటా_ముల్లు జవాబు:

కాటో విషయంలో మీ అభ్యంతరం న్యాయమైనది. మార్గరిటో విషయంలో మాత్రం రింగులోకి దిగిన బరువులు చూడండి. తూకంలో 150 వచ్చిన మార్గరిటో మర్నాటికి 165. పాకియావ్ 148. తేడా 17 పౌండ్లు, ఏడున్నర కిలోల పైన. కాగితం మీద క్యాచ్‌వెయిట్ ఉన్నా రింగులో పెద్దవాడికి వచ్చిన నష్టం ఏమీ కనిపించదు. ఒక కార్డు 120-108, అంటే పన్నెండు రౌండ్లూ. మార్గరిటో కంటి గూడు ఎముక విరిగింది.

ఇలా ఒక్క రోజులో పెరగడాన్ని ఐబీఎఫ్ చాలా ఏళ్ళు కొంతవరకు అడ్డుకుంటూ వచ్చింది. టైటిల్ ఫైట్ రోజు పొద్దున రెండో తూకం పెట్టేది, పరిమితికి 10 పౌండ్ల కంటే మించకూడదనేది. డబ్ల్యూబీసీ పద్ధతి వేరు, ఫైట్‌కు 30 రోజుల ముందు పరిమితికి 10 శాతం లోపల, 7 రోజుల ముందు 5 శాతం లోపల ఉండాలి. రెండోది బాక్సర్ ఒంటికి మంచిది, మొదటిది ఎదుటివాడికి మంచిది.

---

నాలుగో_తాడు:

అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్కటి. వేగం నిలిచింది సరే, దెబ్బలో బలం కూడా అలాగే వెంట వచ్చిందా?

---

చేతికట్టు జవాబు:

రాలేదండి. 2009 నవంబరులో కాటోను 12వ రౌండులో ఆపించాక మళ్ళీ ఒక ఫైట్ మధ్యలో ముగించింది 2018 జులైలో, కౌలాలంపూర్‌లో లూకాస్ మతిస్సే మీద. మధ్యలో ఎనిమిదేళ్ళ ఎనిమిది నెలలు. 2014లో క్రిస్ అల్జియేరిని ఆరుసార్లు పడేశాడు, అయినా ఫైట్ 12 రౌండ్లూ నడిచింది. 147లో సహజంగా ఉండేవాళ్ళ మెడ, భుజాలు ఆ దెబ్బను తట్టుకుంటాయి. అందుకే ఆ దశలో అతని గెలుపులన్నీ దెబ్బల సంఖ్య మీద, కోణాల మీద వచ్చాయి.

2019 జులైలో 40 ఏళ్ళ వయసులో కీత్ థర్మన్‌ను ఓడించి 147లో అందరికంటే పెద్ద వయసు ఛాంపియన్ అయ్యాడు. అదీ ఇలాగే. మొదటి రౌండులో ఒకసారి పడేశాడు, ఆ తర్వాత స్ప్లిట్ డెసిషన్: 115-112, 115-112, ఒకటి 114-113 థర్మన్‌కు. మొదటి రౌండు పాయింటు లేకపోయినా గెలిచేవాడే కానీ చాలా దగ్గరగా వచ్చేది. 46 ఏళ్ళకు, 2025 జులైలో మారియో బరియోస్‌తో డ్రా చేసుకున్నప్పుడు కూడా చేతులకంటే పాదాలే ముందు పని చేశాయి.

మీరు వరసగా చూస్తున్నారు కాబట్టి ఒక సూచన. హాటన్ ఫైట్ మొదటి రౌండునూ, 2012 మార్కెజ్ ఫైట్ ఆరో రౌండు చివరి పది సెకన్లనూ పక్కపక్కన పెట్టుకోండి. వేగం సగానికి తగ్గించి, నడుము కింద మాత్రమే చూడండి. మొదటిదాంట్లో కుడిపాదం ఎక్కడ పడుతోంది, రెండోదాంట్లో ఎక్కడ పడింది అన్నది గమనించాక అప్పుడు చేతులు చూడండి.