లేబుల్ మీద "సస్టైనబుల్" అని రాసుకుని మందు కొడితే అది మోసం కాదా?

గుక్కెడునీళ్ళు:
మొన్న ఒక రీస్లింగ్ తాగాను, ఆ పేరున్న ద్రాక్ష రకంతో చేసే వైన్. చలి ప్రాంతంలో కొండవాలు మీద చిన్న తోట, మూడు తరాలుగా ఒకే కుటుంబం చూసుకుంటోందట. తియ్యదనం లేని వైట్ వైన్. నిమ్మతొక్క వాసన, నాలుక అంచుల్లో చురుక్కుమనే పులుపు. వైన్‌తో నాకు పేచీ లేదు. పేచీ వెనక లేబుల్‌తో. "సస్టైనబుల్ సాగు, ఈ నేలను మా పిల్లలకు పదిలంగా అప్పగిస్తాం" అని ఉంది. సేంద్రియమే అనుకున్నాను. అనుమానం వచ్చి వాళ్ళకే మెయిల్ రాశాను. దాచకుండానే చెప్పారు: సేంద్రియం కాదు, బూజు తెగులు వస్తే రసాయన మందు కొడతాం అని. మరి ఆ మాటకు అర్థం ఏమిటి?

పులుపుపిచ్చి:
శీర్షిక చూసి వేరే చర్చ అనుకుని వచ్చాను. మందు కొడితే మోసం ఏమిటా అని.

మట్టివాసన:
మోసమే, అందులో సందేహం దేనికి? సేంద్రియం అన్న మాటకు చట్టం ఉంది. ఐరోపాలో 2012 నుంచి తోటకే కాదు, వైన్ తయారీకీ నియమాలు పెట్టారు. తియ్యదనం లేని మామూలు వైట్‌లో సల్ఫైట్లు, అంటే వైన్ పాడవకుండా కలిపేవి, లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, సేంద్రియంలో 150 దాటకూడదు. అంకె ఉంది, తనిఖీ ఉంది. సస్టైనబుల్‌కి ఏముంది? ఒక్కో దేశంలో ఒక్కో సంఘం, ఒక్కో ముద్ర. న్యూజిలాండ్‌లో తొంభై శాతం పైగా తోటల విస్తీర్ణానికి ఆ ముద్ర ఉంది. దాదాపు అందరికీ దొరికే ముద్ర చూసి నేను ఏం తెలుసుకోవాలి?

సీసామూత:
ఆ సీసా బరువెంత?

తీగపందిరి:
సేంద్రియం అంటే మందు కొట్టరని మీకెవరు చెప్పారండీ? నేను మూడు సీజన్లు ద్రాక్ష తోటల్లో పనిచేశాను, రెండు సేంద్రియ తోటలోనే. కొట్టేది రాగి. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం, దాని తర్వాత వచ్చిన రాగి మందులు. ఫ్రాన్స్‌లో బోర్డో ఊరి దగ్గర దొంగలు కోసుకుపోకుండా దారి పక్క తీగలకు నీలంగా ఏదో పూసేవాళ్ళు. ఆ తీగలకు బూజు తెగులు రాలేదని మిలార్డే అనే శాస్త్రవేత్త గమనించి, 1885లో దాన్ని మందుగా లోకానికి చెప్పాడు. అప్పటి నుంచీ అదే దిక్కు.

రాగి ఆకు పైనే ఉంటుంది, లోపలికి పోదు. గట్టి వాన పడితే కడుక్కుపోతుంది, మళ్ళీ కొట్టాలి. అంటే మళ్ళీ ట్రాక్టరు, మళ్ళీ డీజిలు, తడినేల మీద మళ్ళీ చక్రాలు. కడుక్కుపోయిన రాగి ఎక్కడికి పోతుంది? నేలలోకి. అది లోహం, కుళ్ళదు, ఆవిరి కాదు. అది బాగా పేరుకున్న చోట వానపాములు తగ్గిపోతాయి. ఐరోపాలో హెక్టారుకు 7 ఏళ్ళలో 28 కిలోలు దాటకూడదని హద్దు పెట్టింది ఊరికే కాదు. రసాయన మందుల్లో కొన్ని ఆకు లోపలికి పోతాయి, వానకు అంత తేలిగ్గా పోవు, తక్కువసార్లు కొడితే చాలు. ఏది నేలకు మంచిదో ముద్ర చూసి తేల్చేస్తారా?

మట్టివాసన:
28 కిలోలు హద్దు, రోజూ కొట్టమని కాదు. చాలామంది అందులో సగంతోనే నెట్టుకొస్తారు. ఆకు లోపలికి పోయే మందు పండులోకి పోదని గ్యారంటీ ఏమిటి?

తీగపందిరి:
పొడి ఏడాదిలో నెట్టుకొస్తారు. తడి ఏడాది సంగతి చెప్పండి. చలి ప్రాంతం అన్నారు కదా, అక్కడ ఆకు ఆరదు.

పులుపుపిచ్చి:
ఆగండి, చలి వేరు, తడి వేరు. న్యూజిలాండ్‌లో సెంట్రల్ ఒటాగో చలి ప్రాంతమే, కానీ వాన తక్కువ. ఈ పులుపుకు కావలసింది చల్లటి రాత్రులు. కాయలో పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం వేడికి త్వరగా ఖర్చవుతుంది, చల్లగా ఉంటే మిగులుతుంది. వానతో పులుపుకు పని లేదు.

తీగపందిరి:
సరే ఒప్పుకున్నా. జర్మనీ, ఉత్తర ఫ్రాన్స్ అనుకోండి. వాన లేని చోటే తోట పెట్టుకోమని ఆ కుటుంబానికి చెబుతామా?

మట్టివాసన:
తెగులు తట్టుకునే రకాలు పెట్టుకోమని చెబుతాం. సోలారిస్, సువీనియే గ్రీ లాంటివి జర్మనీలో ఫ్రైబుర్గ్ సంస్థ ఎప్పుడో 1970, 80ల్లో తయారు చేసినవే. పిచికారీలు చాలా తగ్గుతాయి. పెట్టరు. ఎందుకంటే రీస్లింగ్ అన్న పేరు అమ్ముడుపోతుంది, సువీనియే గ్రీ అంటే ఎవరూ కొనరు. ఇదంతా వ్యాపారం, నేల మీద ప్రేమ అని మనకు చెప్పకండి.

పులుపుపిచ్చి:
సోలారిస్ నేను తాగాను. నాకు రీస్లింగే కావాలి, క్షమించాలి.

సీసామూత:
ఎవరూ జవాబు చెప్పలేదు. ఖాళీ సీసా 400 గ్రాములూ ఉండొచ్చు, 900 గ్రాములూ ఉండొచ్చు. వైన్ వల్ల గాలిలోకి పోయే కార్బన్‌లో పెద్ద వాటాల్లో ఒకటి ఆ గాజుదే. రాగి గురించి కొట్టుకుంటున్నారు, సీసాను త్రాసు మీద పెట్టి చూసినవాడు ఒక్కడూ లేడు.

మట్టివాసన:
తీగపందిరి గారూ, ఇంకో మాట. రసాయన మందులు చేతికి అలవాటైనవాళ్ళకి రాగి పెద్ద భూతంలా కనిపించడం సహజమే. మీరు ఎవరి దగ్గర జీతం తీసుకున్నారో వాళ్ళ మాటే మాట్లాడుతున్నారు.

తీగపందిరి:
జీతమా? చెప్తా వినండి. సేంద్రియ తోట అన్నానే, అందులో రెండో సీజను మే నుంచి వానలే. వారంలో రెండుసార్లు రాగి కొట్టాను. కొండవాలు, ట్రాక్టరు ఎక్కని చోట వీపు మీద డబ్బాతో. అయినా జూలై నాటికి గెలలు ఎండిపోయి గోధుమరంగు తోళ్ళలా వేలాడాయి. జర్మనీలో 2016లో సేంద్రియ తోటలు ఎందుకు గోల పెట్టాయో తెలుసుకోండి. పొటాషియం ఫాస్ఫోనేట్ అనేది అంతకుముందు వాళ్ళు వాడుకునేవాళ్ళు. 2013లో అది తెగులు మందు కింద లెక్క అని సేంద్రియంలోంచి తీసేశారు. మూడేళ్ళకు వాన వచ్చింది, చేతిలో రాగి తప్ప ఏమీ లేదు. నేను చేసిన తోట వేరే దేశంలో ఉంది, కానీ కథ అదే. నేను చేసిన ఆ తోట యజమాని, ముసలాయన, మరుసటి ఏడు సేంద్రియ ముద్ర వదిలేశాడు. పదేళ్ళుగా కొంటున్నవాళ్ళు "నువ్వూ అమ్ముడుపోయావా" అని రాశారు. ఒక్కడు కూడా పంట పోయిందటగా అని అడగలేదు. ఇక్కడ కూర్చుని సువీనియే గ్రీ పెట్టుకోమంటున్నారు. తీగ నాటితే సరైన పంటకు మూడు నాలుగేళ్ళు పడుతుంది, అన్నాళ్ళు ఏం తింటారు?

జీతం అన్నారు కాబట్టి అదీ చెప్తా. పంట పోయిన ఆ ఏడు నాకు రావలసిన చివరి మూడు వారాల డబ్బు ఇప్పటికీ రాలేదు.

గుక్కెడునీళ్ళు:
డబ్బు ఎగ్గొట్టినాయన తరఫున ఇంత వాదిస్తున్నారా?

తీగపందిరి:
డబ్బు సంగతి వేరు, రాగి సంగతి వేరు. ఆయన నాకు బాకీ, అది నేను చూసుకుంటా. నేలకు ఆయన ద్రోహం చేశాడంటే మాత్రం ఊరుకోను.

గుక్కెడునీళ్ళు:
వేరు కాదండీ. నేను మొదటి నుంచీ అడగలేకపోయింది ఇదే. నా వృత్తి ఇలాంటి లేబుళ్ళ మీద మాటలు రాయడం. వైన్‌కి కాదు, సబ్బులకి, నూనెలకి. "మా కుటుంబం", "మా నేల", "రేపటి తరం" ఇవన్నీ నేను కూర్చుని అల్లినవే. ఆ సీసా తిప్పి చదివినప్పుడు నా చేతిరాతే చూసినట్టు అనిపించింది, అందుకే మెయిల్ రాశాను. రాగి మంచిదా, రసాయనం మంచిదా అన్నది నాకు తేలకపోయినా పర్వాలేదు. ఆ లేబుల్ మీద తాత, కొడుకు, మనవరాలు, కుక్క ఉన్నారు. వీపు మీద డబ్బా మోసిన మనిషి లేడు. సస్టైనబుల్ అంటే కూలీల సంగతి కూడా చూడాలని చాలా సంఘాల నియమాల్లోనే ఉంటుంది కదా?

తీగపందిరి:
ఉంటుంది. కాగితం మీద.
మీరు ఇటు తిప్పుతారని అనుకోలేదు. నా వరకు ఆ మాటకు అర్థం, మరో పదేళ్ళకు కూడా ఆ తోట ఆ కుటుంబం చేతిలోనే ఉండటం. పెద్ద కంపెనీ కొంటే ఆ ఏటవాలు వదిలేస్తుంది, యంత్రం ఎక్కే చదునే చూసుకుంటుంది.

గుక్కెడునీళ్ళు:
అయితే అదే రాయమనండి. "తడి ఏడాది రసాయన మందు కొడతాం, లేకపోతే తోట అమ్ముకోవాలి" అని. నేను కొంటాను.

మట్టివాసన:
నేను కొనను. మందు కొడతామని నిజం చెప్పినంత మాత్రాన మందు మందు కాకుండా పోదు.

పులుపుపిచ్చి:
అలా రాస్తే గుక్కెడునీళ్ళు గారూ, తీగపందిరి గారూ తప్ప ఎవరూ కొనరు.

తీగపందిరి:
మట్టివాసన గారితో నాకిక పని లేదు. గుక్కెడునీళ్ళు గారూ, మీరు వాళ్ళకు మళ్ళీ రాస్తే సేంద్రియమా కాదా అని అడగకండి. మూడు అడగండి: పోయినేడు ఎన్నిసార్లు పిచికారీ చేశారు, హెక్టారుకు రాగి ఎన్ని కిలోలు పడింది, కత్తిరింపుకీ కోతకీ వచ్చేవాళ్ళు ఏటా వాళ్ళేనా, కొత్తవాళ్ళా. చివరిది ముఖ్యం. డబ్బు సరిగ్గా ఇచ్చే తోటకు పాతవాళ్ళే తిరిగి వస్తారు.

సీసామూత:
సీసా బరువు కూడా.

గుక్కెడునీళ్ళు:
నాలుగూ రాసి పంపాను. పోయినసారి రెండు రోజుల్లో జవాబు ఇచ్చారు, ఈసారి వారమైంది, ఉలుకూ పలుకూ లేదు. చూశారా మరి.

తీగపందిరి:
ఇది అక్టోబరండీ, కోత నడుస్తోంది. మెయిల్ చూసే మనిషి కూడా కత్తెర పట్టుకుని తోటలోనే ఉంటాడు. నవంబరు దాకా ఆగండి.