రోడ్డుకి అవతల లేని డేటా కోటా మాకే ఎందుకు?

తీగలాగినోడు:
మా బిల్డింగ్‌లో ఇంటర్నెట్‌కి కేబుల్ కంపెనీ ఒక్కటే దిక్కు. నెల కోటా దాటిందంటే బిల్లులో వాత పడుతుంది. రోడ్డుకి అవతల ఇళ్లకి ఈమధ్యే ఇంకో కంపెనీ ఫైబర్ వేసింది. అంతే, ఇదే కేబుల్ కంపెనీ అక్కడివాళ్లకి కోటా ఎత్తేసింది! కస్టమర్ కేర్‌లో అడిగితే "నెట్‌వర్క్ మీద లోడ్ తగ్గించడానికి సార్" అంటారు. ఆ లోడేదో రోడ్డు దాటదా? మీ దగ్గర ఎలా ఉందో చెప్పండి.

బఫరింగ్ బాబాయ్:
మీ కంపెనీ ఏదో నాకు తెలీదు గానీ, అమెరికాలో ఇది పాత కథే. కామ్‌కాస్ట్ అనే పెద్ద కేబుల్ కంపెనీ 2008లో నెలకి 250 జీబీ కోటా పెట్టింది. మధ్యలో కొన్నాళ్లు ఆపి, 2016లో 1 టీబీ, 2020లో 1.2 టీబీ చేసింది. దాటితే ప్రతి 50 జీబీకి 10 డాలర్లు. కానీ పోటీ కంపెనీ వెరైజన్ ఫైబర్ గట్టిగా ఉన్న ఈశాన్య రాష్ట్రాల జోలికి మాత్రం ఏళ్ల తరబడి పోలేదు. 2021లో అక్కడా మొదలెడతామని ప్రకటించి, గోల రేగేసరికి వాయిదా మీద వాయిదా వేసి ఊరుకుంది. ఈశాన్యం వాళ్లు సినిమాలు తక్కువ చూస్తారా ఏంటి?

2020 మార్చిలో కోవిడ్‌కి చాలా కంపెనీలు కోటాలు ఆపేశాయి. ఆఫీసు, బడి, వినోదం అన్నీ ఇంట్లోనే. నెట్‌వర్కులు కూలిపోలేదు కదా.

ప్యాకెట్ లాస్:
ఒక చిన్న ప్రొవైడర్ దగ్గర నెట్‌వర్క్ చూశాను కాబట్టి రెండో పక్క కూడా చెప్తా. లోడ్ అన్నది పూర్తి అబద్ధం కాదు. లింకులు నిండేది రాత్రి 8 నుంచి 11 లోపు. మేం పెద్ద నెట్‌వర్కుల నుంచి కొనుక్కునే బ్యాండ్‌విడ్త్‌కి బిల్లు కూడా మొత్తం జీబీల మీద రాదు. ఐదేసి నిమిషాలకోసారి వేగం కొలుస్తారు, నెలాఖరుకి అన్నిటికన్నా పెద్ద కొలతల్లో 5 శాతం తీసి పక్కన పెడతారు, మిగిలినవాటిలో పెద్దదానికి డబ్బు కట్టాలి. అంటే తెల్లవారుజామున 3కి మీరు 100 జీబీ గేమ్ దించుకున్నా మాకు పైసా భారం లేదు. రాత్రి 9కి అందరూ ఒక్కసారి సినిమా పెడితేనే మాకు చెమటలు. నెల కోటా ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంది. అందుకే అది రద్దీకి మందు అంటే నేను ఒప్పుకోను. శాటిలైట్, టవర్ మీద వచ్చే నెట్ వేరే సంగతి, అక్కడ ఉన్న కొద్ది సామర్థ్యాన్నే అందరూ పంచుకోవాలి.

కోటాకోటి:
లెక్కేసి చూడండి. 100 ఎంబీపీఎస్ లైన్ పూర్తి వేగంతో గంటకి 45 జీబీ లాగుతుంది. 1.2 టీబీ 27 గంటల్లో అయిపోతుంది. 1 జీబీపీఎస్ ప్లాన్‌కైతే మూడు గంటలు కూడా రాదు. నెలకి 720 గంటలు! పైగా అప్‌లోడ్ కూడా మీటర్‌లోనే. మా గుమ్మం కెమెరా పగలూ రాత్రీ క్లౌడ్‌కి వీడియో పంపుతుంది. దాని వాటా ఎంతో రౌటర్ లాగ్ తీసి చూసేదాకా ఇంట్లో ఒకళ్ల మీద ఒకళ్లం అరుచుకున్నాం.

మంచుదుప్పటి:
కెనడాలో ఇంకో రకం ఆట నడిచింది. ఇక్కడ చిన్న ప్రొవైడర్లు పెద్ద కంపెనీల లైన్లే హోల్‌సేల్‌లో అద్దెకి తీసుకుని, ఎక్కువ కోటాతోనో, కోటా లేకుండానో అమ్మేవి. 2011 జనవరిలో నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ ఆ హోల్‌సేల్ మీద కూడా జీబీ లెక్కన వసూలు చేసుకోవచ్చంది. దాంతో టెక్‌శావీ అనే చిన్న ప్రొవైడర్ తన 200 జీబీ ప్లాన్ 25 జీబీకి తగ్గించక తప్పదని కస్టమర్లకి చెప్పింది. అంటే పేరుకి పోటీ ఉంటుంది, పోటీదారు మెడకి మాత్రం పెద్ద కంపెనీ మీటరే. పిటిషన్ మీద లక్షల సంతకాలు పడ్డాయి, ప్రభుత్వమే అడ్డుపడింది. నవంబర్‌లో సీఆర్‌టీసీ పద్ధతి మార్చి, సామర్థ్యం కొనుక్కునే దారి ఇచ్చింది. ఎన్ని కంపెనీలు ఉన్నాయని కాదు, లైన్ ఎవరి చేతిలో ఉందో చూడాలి.

రాత్రిషిఫ్టు:
మాకు ఇద్దరు ప్రొవైడర్లున్నారండీ, ఇద్దరిదీ కోటానే. ఒకడు ఏం చేస్తే రెండోవాడూ అదే. 5జీ హోమ్ ఇంటర్నెట్ వాడు మూడోవాడుగా దిగాకే పాతవాళ్ల ఫోన్లు రావడం మొదలైంది. ఇండియాలో మొబైల్ డేటాకీ ఇంతే కదా. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక నెలకి 1 జీబీ దాచుకుని వాడినవాళ్లు రోజుకి 1 జీబీ ప్యాకులకి వెళ్లారు. కంపెనీలు తగ్గాక 2019, 2021, 2024ల్లో రేట్లు పెరిగాయి.

బఫరింగ్ బాబాయ్:
కామ్‌కాస్ట్ కూడా 2025 జూన్‌లో కొత్త ప్లాన్లన్నిటికీ అన్‌లిమిటెడ్ కలిపేసింది. ఫైబర్, 5జీ రెండూ కస్టమర్లని లాక్కుపోతుంటే మరి! పాత ప్లాన్‌లో ఉన్నవాళ్లు అడిగి మారాలి, దానంతటదే మారదు. ఏ కంపెనీ అయినా బిల్లు మీద ప్లాన్ పేరు ముందు చూసుకోండి.

ప్యాకెట్ లాస్:
తీగలాగినోడు గారూ, ఫైబర్ రోడ్డు దాటకపోవడానికి మీ ఓనర్ కాంట్రాక్టు కూడా కారణం కావచ్చు. అమెరికాలో అయితే బిల్డింగ్ ఓనర్లు ఒక్క ప్రొవైడర్‌తోనే ఆదాయం పంచుకునేలా చేసుకునే ఒప్పందాలని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2022లో నిషేధించింది. ఆ మాట ఎత్తి అడగండి.

తీగలాగినోడు:
ఓనర్‌కి మెయిల్ పెట్టాను. ఫైబర్ వాళ్లు రావడానికి అభ్యంతరం లేదట. కాకపోతే కింద వైరింగ్ గది తాళం కేబుల్ కంపెనీ దగ్గరే ఉందట, ఇంకో తాళం చేయించమని రాశాను.