6 మీటర్ల ఆర్చి పైపు ఎంత బరువు ఆపుతుంది? (పలాస, జీడి షెడ్డు)

పలాస_కళ్లం: జీడిగింజలు ఆరబోసే కళ్లం మీద రేకుల కప్పు వెయ్యాలి. ఆర్చి వెడల్పు 6 మీటర్లు, నడిమిన ఎత్తు 1.5, ఆర్చికీ ఆర్చికీ 2 మీటర్ల ఎడం. అంగుళంన్నర మీడియం పైపు (బయట 48.3, మందం 3.2 మి.మీ.) సరిపోతుందా?

రాజాం_సివిల్: సరిపోదండి. వంపు పొడవు 6.95 మీటర్లు. ఆర్చి ఒరిగేది ఒక సగం కిందకి, ఇంకో సగం పైకి. అందుకని సగాన్ని, అంటే 3.48 మీటర్లని, స్తంభంలా లెక్కకట్టాలి. ఈ పైపు గైరేషన్ రేడియస్ (అడ్డకోత ఒరగకుండా ఎంత నిలుస్తుందో చెప్పే కొలత) 16 మి.మీ., పొడవుని దీనితో భాగిస్తే 217. ఉక్కు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 800 హద్దు 180. రెండంగుళాల మీడియం (60.3 × 3.6) అయితే 173, సరిపోతుంది.

బరువు అంతటా సమానంగా ఉంటే పెద్ద ఇబ్బంది లేదు. మనుషులు ఒక పక్కే ఎక్కినప్పుడే ప్రమాదం. అప్పుడు వంపు మొమెంట్ (పైపుని వంచే బలం) = మీటరు బరువు × వెడల్పు వర్గం ÷ 64. మీటరుకు 150 కిలోలైతే 0.84 కిలోన్యూటన్ మీటర్లు, భద్రత కోసం 1.5 రెట్లు వేస్తే 1.27. ఉక్కు బలం చదరపు మి.మీ.కి 210 న్యూటన్లు అనుకుంటే రెండంగుళాల పైపు తట్టుకునేది 1.64. మిగిలిందంతా నొక్కుడు బలానికే పోతుంది. కాబట్టి 150 దాటొద్దు.

గరివిడి_వెల్డర్: ముందు పైపుని కాటా వెయ్యండన్నా. 6 మీటర్ల నిడివి రెండంగుళాల మీడియం 30 కిలోలు తూగాలి. 24.6 వస్తే అది లైట్. మీడియం పట్టీ నీలం, లైట్‌ది పసుపు, పెయింట్ పడితే రెండూ కనపడవు.

అతుకు నడినెత్తిన పెట్టండి, ఒక పక్క బరువుకి అక్కడ మొమెంట్ సున్నా. పావు వంతు దగ్గర పెడితే సరిగ్గా విరిగే చోటే అతికినట్టు. లోపల 150 మి.మీ. స్లీవ్ (లోపల దూరే చిన్న పైపు ముక్క) వేసి చుట్టూ వెల్డింగ్ చెయ్యండి. పైపుకి గాట్లు కోసి వంచడం అసలొద్దు, రోలర్ల మధ్య వంచే రోలింగే చేయించండి.

టెక్కలి_డిజైన్: తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గరే తీరం దాటింది, గాలి లెక్క వదలకండి. సెకనుకు 50 మీటర్ల గాలి చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు. పైకి లాగే గుణకం 0.8 అనుకుంటే ఒక్కో పాదాన్ని 7.2 కిలోన్యూటన్లు పీకుతుంది. ఒకవైపే గోడ ఉంటే ఇంకా ఎక్కువ. 1.5 రెట్లు వేసి, పాదం కింది దిమ్మె బరువులో పదో వంతు తీసేస్తే 12 కిలోన్యూటన్ల దిమ్మె కావాలి. పొడవు, వెడల్పు, లోతు మూడూ 800 మి.మీ. ఉన్న కాంక్రీటు దిమ్మె 12.3 ఇస్తుంది.

పలాస_కళ్లం: పాదాలు పక్కకి జారవా అండి?

రాజాం_సివిల్: మీటరుకు 150 కిలోలు అంతటా ఉంటే ఒక్కో పాదం 450 కిలోలతో బయటికి తోస్తుంది. రెండు దిమ్మెల్నీ కలుపుతూ నేల కింద 16 మి.మీ. చువ్వ వేసి కాంక్రీటులో కప్పండి.

గరివిడి_వెల్డర్: పైపు మొదలు కాంక్రీటులో పూడ్చకండి. ఉప్పుగాలి తగిలే చోట నేల గీత దగ్గరే తుప్పు తినేస్తుంది. బేస్ ప్లేటు (పైపు అడుగున వెల్డింగ్ చేసే ఇనప పలక) నేలకి 150 మి.మీ. పైన ఉంచి, దిమ్మె నెత్తి బయటికి వాటంగా దిద్దించండి.