బస్ స్టేషన్ థీసిస్‌కు ఏ పుస్తకం కొనాలి: భవన కొలతలదా, రవాణా విశ్లేషణదా?

ప్రశ్న:
నమస్కారమండి. ఆర్కిటెక్చర్ చివరి సంవత్సరంలో ఒక జిల్లా కేంద్రానికి బస్ స్టేషన్ రూపొందించడాన్ని థీసిస్‌గా తీసుకున్నాను. ఒక్క పుస్తకం కొనడానికే డబ్బుంది. ఎర్నెస్ట్ నాయ్‌ఫెర్ట్ ‘ఆర్కిటెక్ట్స్ డేటా’ కొనాలా, ఓర్తూజార్, విలుమ్సెన్‌ల ‘మోడలింగ్ ట్రాన్స్‌పోర్ట్’ కొనాలా? ఎన్ని ప్లాట్‌ఫారాలు కావాలో లెక్కతో చూపమని మా గైడ్ గారు అడుగుతున్నారు.

మొదటి జవాబు:
నాయ్‌ఫెర్ట్ కొనండి. 1936లో జర్మనీలో తొలిసారి వెలువడిన ఆ గ్రంథం మనిషి కొలతలతో మొదలై మెట్లు, మరుగుదొడ్లు, వాహనాలు మలుపు తిరిగే జాగా వరకు అన్నిటినీ బొమ్మలతో చూపుతుంది కనుక, ఉద్యోగంలో చేరాక కూడా మీ బల్లమీదే ఉంటుంది. అయితే అందులోని బస్సు కొలతలను యథాతథంగా తీసుకోకుండా, దగ్గరలోని డిపోకు వెళ్లి అనుమతి అడిగి టేపుతో కొలుచుకోండి. ర్యాంపులకు, అత్యవసర ద్వారాలకు మన జాతీయ భవన నియమావళి 2016నే అనుసరించాలి.

రెండవ జవాబు:
నేను రవాణా ఇంజనీరును, అయినా పై సలహానే సమర్థిస్తాను. ‘మోడలింగ్ ట్రాన్స్‌పోర్ట్’ నాకెంతో ఇష్టమైన పుస్తకమే కానీ, నగరంలో ప్రయాణాలు ఎన్ని పుడతాయి, ఎటు వెళతాయి, ఏ వాహనంలో, ఏ దారిన వెళతాయి అన్నది అంచనా వేయడం దాని పని. మీ ప్లాట్‌ఫారాల సంఖ్య అందులో దొరకదు. ఆ లెక్క మీరే వేయవచ్చు. రద్దీ గంటలో 60 బస్సులు వచ్చి ఒక్కొక్కటి 12 నిమిషాలు ఆగితే, 60 బస్సులను 12 నిమిషాలతో హెచ్చవేసి, గంటలోని 60 నిమిషాలతో భాగించగా 12 ప్లాట్‌ఫారాలు వస్తాయి. బస్సులు సమాన వ్యవధిలో రావు కాబట్టి మరికొన్ని కలపాలి. నిలబడే ప్రయాణికుల జాగాకు 1971 నాటి జాన్ ఫ్రూయిన్ గ్రంథం ‘పెడెస్ట్రియన్ ప్లానింగ్ అండ్ డిజైన్’ను లైబ్రరీలో చూడండి. బయటి రోడ్డుకు మాత్రం, రోడ్డు ఎన్ని వాహనాలను మోయగలదో లెక్కించే అమెరికా హైవే కెపాసిటీ మాన్యువల్ (హెచ్‌సీఎం) వద్దు. ఆటోలు, బైకులు, బస్సులు కలిసి నడిచే మన రోడ్లకోసం కేంద్రీయ రోడ్డు పరిశోధన సంస్థ 2017లో తెచ్చిన ఇండో హెచ్‌సీఎం ఉంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. బస్సులను ఏ రోజు లెక్కించాలి?

రెండవ జవాబు ఇచ్చినవారు:
ఒక మామూలు పనిదినం, ఒక సంత రోజు, రెండూ లెక్కించండి. సంక్రాంతి రద్దీకి సరిపడేలా శాశ్వత ప్లాట్‌ఫారాలు కట్టిస్తే ఏడాదంతా ఖాళీగా పడి ఉంటాయి. ఆ ప్రత్యేక బస్సులకు పక్కన ఖాళీ స్థలం వదిలి, ప్లానులోనే గుర్తించండి.