స్కాన్ చేశాక పాత పత్రికల కట్టలు దాచాలా, తూకానికి ఇచ్చేయాలా?

నాగావళి గట్టు, శ్రీకాకుళం

మా నాన్నగారు శ్రీకాకుళంలో ముప్పై ఏళ్లకు పైగా పత్రికల ఏజెంటు. తెల్లవారుజామున కట్టలు విప్పి పంచేవారు, పగలు ఒక దినపత్రికకు వార్తలు రాసి పంపేవారు. ఆయన పోయి రెండేళ్లయింది. ఇల్లు పడగొట్టి కొత్తగా కట్టాలని తమ్ముడు తొందరపడుతున్నాడు. అటక మీది సామాను దింపితే నూట నలభై పేపరు కట్టలు తేలాయి.

వాటిలో పెద్ద దినపత్రికల ప్రధాన సంచికలు తక్కువ. ఎక్కువ భాగం జిల్లా అనుబంధాలే. మిగిలినవి శ్రీకాకుళం, పలాస, బొబ్బిలి, పార్వతీపురాల నుంచి వెలువడిన చిన్న వారపత్రికలు, పక్షపత్రికలు. కొన్ని పది సంచికలతో ఆగిపోయాయి. కొన్ని ఎన్నికల ముందు పుట్టి ఫలితాలు రాగానే పోయాయి. 1968 నుంచి 1972 వరకు ఉన్నవి విడిగా ఒక పెట్టెడు.

పాత పేపర్లు కొనే అతను వచ్చి కిలో ధర చెప్పి వెళ్లాడు. తమ్ముడి స్నేహితుడు అన్నీ స్కాన్ చేసి ఇస్తానన్నాడు. "ఆ తరువాత కాగితంతో మీకేం పని?" అని అడిగాడు. అది తప్పనిపించింది కానీ ఎందుకు తప్పో చెప్పలేకపోయాను. నాదే తప్పయితే అదీ చెప్పండి.

చుక్కల లెక్క, విశాఖపట్నం

ఆ అబ్బాయి మాటలో తప్పేమీ లేదు. పత్రికలు అచ్చువేసే కాగితం చెక్కను యంత్రంలో నూరిన గుజ్జుతో తయారవుతుంది. అందులోని, చెక్కను గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్‌ను తీసివేయరు. వెలుగు, గాలి, తేమ తగిలేకొద్దీ ఆమ్లం పుట్టి కాగితం పచ్చబడుతుంది, తరువాత మడత దగ్గర విరుగుతుంది. మీరెంత భక్తిగా దాచినా అది తనను తానే తినేస్తుంది. శ్రీకాకుళం గాలిలో ఇంకా త్వరగా తింటుంది. ఒక్కసారి జాగ్రత్తగా విప్పి, 400 డీపీఐలో, అంటే అంగుళానికి 400 చుక్కల చొప్పున, రంగుల్లో తీసి ఇంటర్నెట్‌లో పెడితే ఎక్కడో దేశం కాని దేశంలో ఉన్న ఇచ్ఛాపురం కుర్రాడు కూడా చదువుకుంటాడు. అటక మీద ఉన్నన్నాళ్లు ఎవరు చదివారు? మీ నాన్నగారు, ఎలుకలు.

కోటబురుజు, విజయనగరం

నేను గ్రంథాలయాల్లో బైండింగు పని చేసి రిటైరైన మనిషిని. ఎలుకలతో నాకు మీకంటే ఎక్కువ పరిచయం ఉంది బాబూ.

మీరు చెప్పిన వాదనే ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా గ్రంథాలయాలూ చెప్పాయి. పత్రికల సంపుటాల కుట్లు కోసి, మైక్రోఫిల్ము తీసి, కాగితాన్ని వదిలించుకున్నాయి. తీరా చూస్తే కొన్ని పేజీలు ఫిల్ములోకి ఎక్కలేదు, కొన్ని మసకగా వచ్చాయి. రంగుల బొమ్మల పేజీలు నలుపు తెలుపు అయిపోయాయి. పోల్చి చూద్దామంటే అసలు లేదు. అసెటేటు ఫిల్ము అయితే వెనిగరు వాసన కొడుతూ ముడుచుకుపోయింది కూడా. అంత దూరం ఎందుకు? మన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారు స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు తెరిచి చూడండి. లేని పేజీలు, తప్పు పేర్లు ఎన్ని కనిపిస్తాయో! అయినా వాటితోనే బతుకుతున్నాం, కాదనను. కానీ ఎక్కడో ఒకచోట అసలు పుస్తకం ఉందన్న ధైర్యంతో బతుకుతున్నాం. నన్నడిగితే జిల్లా కట్టలు జిల్లాకే, ఇక్కడే ఉండాలి.

అమ్మా, మీరు ఏది తేల్చుకున్నా ఈలోగా ఐదు పనులు చేయండి. చిరిగినచోట సెల్లోటేపు అంటించకండి. రబ్బరు బ్యాండ్లు తీసేయండి. తుప్పుపట్టిన పిన్నులను లాగకండి, వెనుక కాళ్లు విప్పి మెల్లగా తీయండి. ప్లాస్టిక్ సంచుల్లో కట్టకండి, లోపలి తేమ లోపలే ఉడుకుతుంది. వెడల్పాటి నూలు నాడాతో కట్టి, నిలబెట్టకుండా చదునుగా పేర్చండి.

కొబ్బరితోట, ఉద్దానం

కోటబురుజు మాస్టారూ, మీరు రాతి కోట నీడన కూర్చుని మాట్లాడుతున్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా ఇంటి రేకులు లేచిపోయాయి. పట్టా కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, మా తాతగారి జీడిమామిడి లెక్కల పుస్తకాలు తెల్లారేసరికి ముద్దయ్యాయి. కొబ్బరి మొక్కలు మళ్లీ నాటుకున్నాం. తాతగారి చేతిరాత మళ్లీ ఎక్కడి నుంచి వస్తుంది? కాగితాన్ని జిల్లాలోనే ఉంచాలనేవారు జిల్లాకు ఒక పక్కంతా సముద్రమేనని మరిచిపోతున్నారు.

అయితే ఆ కట్టల్లో జిల్లా అనుబంధాలు ఉన్నాయన్న మాట నన్ను పట్టుకుంది. 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగినప్పుడు రాష్ట్రమంతా చదివింది. ఆ తరువాత ప్రధాన సంచిక ఇంకో వార్త చూసుకుంది. థర్మల్ కేంద్రం వద్దన్నవారి దీక్ష ఎన్నో రోజుకు చేరింది, ఆ రోజు శిబిరంలో ఏ ఊరివారు కూర్చున్నారు, బీల (చిత్తడి) భూముల గురించి ఎవరు ఏమన్నారు, ఇవన్నీ జిల్లా పేజీల్లోనే ఉంటాయి. నా అనుభవంలో ఏ గ్రంథాలయంలోనూ ఆ పేజీలు బైండు చేసి కనిపించలేదు. ప్రధాన సంచిక బైండింగుకు, అనుబంధం బజ్జీల బండికి.

కోటబురుజు

ఆ చివరి మాట నాకు తగిలింది. నిజమే, మాకు ఇచ్చేటప్పుడే అనుబంధాలు తీసేసి ఇచ్చేవారు. సైజు వేరు కదా, కలిపి కుడితే సంపుటం ఒకవైపు ఉబ్బుతుందని నేనూ అడగలేదు.

గడియారం కింద, విజయనగరం

కథానిలయానికి ఇచ్చేయవచ్చుగా? మీ ఊళ్లోనే ఉంది.

నాగావళి గట్టు

మొదట నాకూ అదే తోచింది. కానీ కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో దాన్ని కథల కోసం స్థాపించారు. కథ అచ్చయిన పత్రికలైతే అడుగుతాను. పంచాయతీ వేలంపాటల ప్రకటనలు, సంతలో పశువుల ధరలు ఉన్న కట్టలు తెచ్చి వారి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. ఏం సేకరించాలో గీత గీసుకోబట్టే కదా ఆ పని అంత బాగా నిలబడింది.

చుక్కల లెక్క

సరే, కాగితం ఉంచండి. ఎక్కడ ఉంచుతారు? ఎవరి డబ్బుతో? ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నాం. దానితోనే జిల్లా గ్రంథాలయాలకు జీతాలు, కొత్త పుస్తకాలు, భవనాల మరమ్మతులు సాగాలి. పోటీ పరీక్షల పిల్లలకు కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చుంటున్నారు. వాళ్లను జరిపి అక్కడ 1993 నాటి పేపర్లు పెడదామా?

నా లెక్క కూడా చెబుతాను. పెద్ద సైజు పేజీ సుమారు 15 అంగుళాల వెడల్పు, 23 అంగుళాల పొడవు అనుకోండి. 400 డీపీఐలో 6,000 చుక్కలకు 9,200 చుక్కలు. కుదించకుండా రంగుల్లో దాస్తే పేజీకి దాదాపు 165 మెగాబైట్లు. ఎనిమిది పేజీల సంచికలు మూడు వందలుంటే 400 గిగాబైట్లు. అదంతా చొక్కా జేబులో పట్టే డిస్కు. మూడు నకళ్లు తీసి ఒకటి శ్రీకాకుళంలో, ఒకటి విశాఖలో, ఒకటి హైదరాబాదులో పెడితే ఏ తుపానూ ముట్టుకోలేదు.

వకాల్తా, శ్రీకాకుళం

ఇద్దరూ చట్టాన్ని వదిలేశారు. నేను న్యాయవాదిని, కొంచెం విసిగించక తప్పదు.

పత్రికలు ఎక్కడో భద్రంగా ఉండే ఉంటాయన్న భ్రమ ముందు వదలండి. అచ్చయిన పుస్తకాలను గ్రంథాలయాలకు పంపాలన్న 1954 చట్టాన్ని 1956లో సవరించి పత్రికలను కూడా చేర్చారు. ప్రతి సంచికా కోల్‌కతా, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని నాలుగు గ్రంథాలయాలకు పంపాలి. బొబ్బిలిలో కాలితో తొక్కే ట్రెడిల్ మిషను మీద నాలుగు పేజీలు అచ్చువేసుకున్న సంపాదకుడు వాటిలో ఎన్నింటికి తపాలా ఖర్చు భరించి ఉంటాడో మీరే ఊహించుకోండి. ఈ అమ్మాయి అటక మీద ఉన్నదే ఏకైక ప్రతి కావచ్చు.

ఇక హక్కుల మాట. పేరు లేకుండా అచ్చయిన రచనకు ప్రచురణ తరువాత 60 ఏళ్ల వరకు, పేరున్న రచయిత రచనకు ఆయన మరణం తరువాత 60 ఏళ్ల వరకు కాపీరైటు ఉంటుంది. అంటే ఈ జిల్లా అనుబంధాలేవీ ఇప్పుడే ఇంటర్నెట్‌లో పెట్టడానికి వీల్లేదు. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం భద్రత కోసం డిజిటల్ నకలు దాచుకోవచ్చని 2012 సవరణ ఒక మినహాయింపు ఇచ్చింది. అదీ తన దగ్గర కాగితం ప్రతి ఉన్న గ్రంథాలయానికే. చుక్కల లెక్క గారూ, మీరు తూకానికి వేయమంటున్న కాగితమే మీ నకలుకు అండ.

దానికంటే నన్ను బాధపెట్టేది ఆ 1968-72 పెట్టె. లేవిడిలో 1967 అక్టోబరు 31న ఇద్దరు గిరిజనులను కాల్చి చంపిన తరువాత ఏజెన్సీలో గిరిజనుల సాయుధ పోరాటం, దాని మీద అణచివేత ఎలా సాగాయో మనందరికీ తెలుసు. ఆ పోరాటం మీద పెట్టిన పార్వతీపురం కుట్ర కేసు నాటి పత్రికల్లో పట్టుబడినవారి పేర్లు, ఊర్లు, తండ్రుల పేర్లు ఉంటాయి. విడుదలైనవారి వార్త ఉంటుందా? మొదటి పేజీలో అరెస్టు, తరువాత నిశ్శబ్దం. పైగా అత్యాచార బాధితుల పేర్లు అచ్చువేయరాదన్న నిబంధన అప్పటి శిక్షాస్మృతిలోకి 1983లో గానీ రాలేదు. అంతకుముందు పత్రికలు ఆ పేర్లను యథేచ్ఛగా వేశాయి. కాగితం చీకటి గదిలో ఉన్నప్పుడు వెతుక్కుంటూ వచ్చినవాడే చదువుతాడు. ఇంటర్నెట్‌లో పెడితే ఆవిడ మనవరాలి పెళ్లి సంబంధానికి వచ్చినవాడు ఇంటిపేరు కొట్టి చదువుతాడు.

చుక్కల లెక్క

ఇది నేను ఆలోచించలేదు. కానీ దీన్ని సాకుగా చేసుకుని అంతా తాళం వేసి ఉంచడానికి ఒప్పుకోను. మనలో చాలామంది "పరిశోధకులకు మాత్రమే" అన్న బోర్డు చూసి గుమ్మం నుంచే వెనక్కి వచ్చినవాళ్లమే.

సరిహద్దు రాయి, పార్వతీపురం

నేను చరిత్ర చెప్పే బడిపంతులుని. "జిల్లా కట్టలు జిల్లాకే" అన్న మాట వింటే నవ్వొస్తుంది. మా పార్వతీపురం 1950 ఆగస్టు 15 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉంది. తరువాత శ్రీకాకుళం. 1979 జూన్ 1 నుంచి విజయనగరం. 2022 ఏప్రిల్ 4 నుంచి మాకే ఒక జిల్లా. ఊరు ఒక్క గజం కదలలేదు. మీ శ్రీకాకుళమైతే 1936 దాకా గంజాంలో ఉండేది, ఆ జిల్లా కాగితాల కోసం బరంపురానికో మద్రాసుకో పోవాలి. కాబట్టి కట్టలు ఏ ఊళ్లో ఉన్నాయన్న దానికంటే ఏ కట్టలో ఏముందో ఒకరికి తెలియడం ముఖ్యం. ఇంతసేపు వాదించుకున్నారు, సూచిక మాట ఒక్కరూ ఎత్తలేదు.

విజయనగరం వారికి కాస్త చేదుగా ఉన్నా ఒక ఉదాహరణ చెబుతాను. 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చిన గురజాడ వారి 'దిద్దుబాటు' తొలి తెలుగు కథ అని ఎన్ని దశాబ్దాలు పాఠం చెప్పుకున్నాం? భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే 'హిందూసుందరి'లో అచ్చయింది. ఆ పత్రిక కట్టలు ఎవరో దాచారు, ఎవరో విప్పి చూశారు, ఇది ఫలానా సంచికలో ఉందని రాసిపెట్టారు. ఏది తొలి కథ అన్న తగవు ఇంకా తీరలేదు, తీరకపోయినా ఫరవాలేదు. కట్ట తూకానికి పోయి ఉంటే తగవే ఉండేది కాదు.

యంత్రం అక్షరాలు చదివి వెతికిపెడుతుందని అంటారేమో. అరిగిపోయిన సీసపు అక్షరాల ఒత్తులు యంత్రానికి ఎంత కనిపిస్తాయో నేను ప్రయత్నించి చూశాను. పక్క పక్క కాలమ్‌లను కలిపి చదివి, చావు కబురుకు సినిమా ప్రకటన అతికించింది.

గడియారం కింద

ఆ వాక్యం చదవాలని ఉంది.

నాగావళి గట్టు

ఈ వారమంతా సూచిక పనే చేశాను. పత్రిక పేరు, ఊరు, తేదీ, పేజీలు ఉన్నాయా లేవా అని ఒక నోటు పుస్తకంలో రాస్తున్నాను. నూట నలభైలో ముప్పై ఒకటి అయ్యాయి. తమ్ముడు దసరా వరకు గడువిచ్చాడు.

ఒక సంగతి అడగాలి. జిల్లా అనుబంధాల పైఅంచున నాన్నగారి పెన్సిలు రాతలున్నాయి. ఏ ఊరికి ఎన్ని కాపీలు వెళ్లాయి, ఎన్ని మిగిలి వెనక్కి వచ్చాయి, ఏ బస్సు రాలేదు. నరసన్నపేట 40, పాతపట్నం 25, వెనక్కి 3, ఇలా. తమ్ముడి స్నేహితుడు నమూనాగా పది పేజీలు తీసి పంపాడు. అచ్చు చాలా స్పష్టంగా ఉంది. ఆ రాతలు లేవు.

చుక్కల లెక్క

అంచులు నేనూ కత్తిరిస్తాను. చూడటానికి శుభ్రంగా ఉంటుందని యంత్రమే ఆ పని చేసేలా పెట్టుకుంటాం. ఆ అమరిక తీసేయమనండి, కాగితం కింద నల్లటి అట్ట పెట్టి నాలుగు అంచులూ కనిపించేలా తీయమనండి. కాదు, ఆగండి. నేనే వస్తాను. నా దగ్గర పైనుంచి ఫొటో తీసే స్టాండు ఉంది. 1968-72 పెట్టె మాత్రం వకాల్తా గారు చూసేదాకా ఇంటర్నెట్ మాట ఎత్తను.

వకాల్తా

చూస్తాను. ఆ పెట్టె మా ఆఫీసు గదిలో పెట్టుకోవచ్చు, గోద్రెజ్ బీరువా ఖాళీగా ఉంది. శాశ్వతంగా కాదు, రాసి ఇస్తాను.

కొబ్బరితోట

బీరువా కింది అరలో పెట్టకండి. నీళ్లు ముందు అక్కడికే వస్తాయి.

కోటబురుజు

ఆదివారం పొద్దున్నే బస్సులో బయలుదేరి వస్తాను. అమ్మా, అంగుళం వెడల్పు నూలు నాడా ఇరవై మీటర్లు కొని ఉంచండి, ఒక మెత్తని బ్రష్షు కూడా. అనుబంధాలకు విడిగా అట్టపెట్టెలు చేద్దాం, ఈసారి సైజు సాకు చెప్పను. ఫ్యాను మాత్రం వేయకండి, రాలిన ముక్కలు ఏ పేజీవో వెతుక్కోవాలి.