పంక్ రాక్ బృందం విషయంలో ‘వంత’ అనవచ్చునా?

ప్రశ్న: అమెరికాకు చెందిన పంక్ రాక్ బృందం ‘బ్యాడ్ రెలిజియన్’ గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ప్రధాన గాయకుడు గ్రెగ్ గ్రాఫిన్ వెనుక మిగిలినవారు కలిపే గొంతును ‘వంత’ అనవచ్చునా? ఇప్పుడు ‘వంత పాడడం’ అంటే ఒకరు తానా అంటే మరొకరు తందానా అనడమే కనుక, ధిక్కారమే ప్రాణమైన సంగీతానికి ఆ మాట నప్పదేమోనని సందేహం.

జవాబు: నిస్సంకోచంగా వాడండి. ఆ మాట రాజకీయ వార్తలలో నలిగి చెడ్డపేరు తెచ్చుకుంది గానీ, బుర్రకథలో వంతలు ఊరికే తందానా అనేవారు కారు. హాస్యం చెప్పే వంత కథకుణ్ణి నడుమ ఆపి ప్రశ్న వేస్తాడు. రాజకీయం చెప్పే వంత పాత కథను నేటి సంగతులకు ముడిపెడతాడు.

ఈ బృందంలోనూ వంతకు అంతటి స్థానమే ఉంది. 1980లో లాస్ ఏంజెలెస్‌లో బృందం మొదలైనప్పుడు గ్రాఫిన్‌కు పదిహేనేళ్ళు. 1983లో కీబోర్డులతో, నెమ్మదైన పాటలతో చేసిన ‘ఇంటూ ది అన్‌నోన్’ ఆల్బమ్ అభిమానులకు రుచించలేదు. బృందం కొంతకాలం చెదిరిపోయింది. తిరిగి కూడి 1988లో తెచ్చిన ‘సఫర్’ (ఇంగ్లీషులో ‘బాధపడు’ అని అర్థం) ఆల్బమ్ వింటే వంత అంటే ఏమిటో తెలుస్తుంది. పదిహేను పాటలూ కలిపి సుమారు 26 నిమిషాలు. డ్రమ్స్ ఊపిరాడనివ్వని వేగంతో పరుగెడుతుంటే, గ్రాఫిన్ శాస్త్రగ్రంథాలలో కనిపించే పెద్ద పెద్ద మాటలను ఒకదాని వెంట ఒకటి విసురుతాడు. చరణం చివర గిటారిస్టు బ్రెట్ గురెవిట్జ్, బాసిస్టు జే బెంట్లీ పై స్థాయిలో ‘ఆ…’ అని దీర్ఘంగా అందుకుంటారు. ఆ వేగానికి రాగం చేకూర్చేది, నా దృష్టిలో, ఆ దీర్ఘమే. (పాత కావ్యాలలో ‘వంత’కు దుఃఖమనే అర్థం కూడా ఉంది. ‘సఫర్’ అన్న పేరు పక్కన అది తలపుకు రాక మానదు.)

మరొక ప్రశ్న: మరి వంత పాడేవారిని ప్రధాన గాయకుడి అనుచరులుగా పాఠకులు పొరబడరా?

జవాబు: గురెవిట్జ్ సంగతి రాయండి, ఆ పొరపాటు జరగదు. బృందం పాటలలో అనేకం అతను రాసినవే. ప్రసిద్ధమైన ‘ట్వెంటీ ఫస్ట్ సెంచరీ డిజిటల్ బాయ్’ కూడా అతనిదే. అంటే ముందు నిలిచి గ్రాఫిన్ పాడుతున్న మాటలు తరచుగా వెనుక వంత పాడుతున్నవాడివి. గురెవిట్జ్ 1994లో వెళ్ళిపోయి 2001లో తిరిగివచ్చాడు. మరుసటి ఏడాది వచ్చిన ‘ది ప్రాసెస్ ఆఫ్ బిలీఫ్’లో ఇద్దరి రచనలూ మళ్ళీ పక్కపక్కన చేరాయి. ఈ రాకపోకలన్నిటిలో మొదటినుంచీ విడవకుండా ఉన్నది గ్రాఫిన్ ఒక్కడే. అతను 2003లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జీవపరిణామ శాస్త్రజ్ఞుల మతవిశ్వాసాలపై పరిశోధించి డాక్టరేట్ పొందినా, పాడడం మానలేదు.

అతన్ని మాత్రం ‘కథకుడు’ అనకండి. అతను కథ చెప్పడు, వాదిస్తాడు. ‘ప్రధాన గాయకుడు’ చాలు. ‘కోరస్’ అనే మాటతోనూ జాగ్రత్త అవసరం. మన సినిమాలలో అది బృందగానం, రాక్ పాటలో అది పల్లవి. పల్లవిని ‘పల్లవి’ అనే రాసి, వెనుక గొంతులకు ‘వంత’ను ఉంచితే ఎక్కడా చిక్కు రాదు.